మైకు వీపు

రాష్ట్ర నాదనిధి పరిరక్షణ సంస్థలో ఏ వస్తువు కావాలన్నా ఒక కాగితం నింపాలి. ఆ కాగితానికి ఏడు గడులుంటాయి. ఆరు గడులు నింపడం ఎవరికైనా వస్తుంది. ఏడో గడి పేరు ‘ఆవశ్యకత’. సౌండు ఇంజనీరు పైడిరాజు ఇరవై ఆరేళ్ళ సర్వీసులో ఆ గడిలో ఎప్పుడూ ‘అవసరం గనుక’ అని మాత్రమే రాశాడు. ఎవరూ ఏమీ అడగలేదు. ఈసారి అతనికి నిజంగానే అవసరమొచ్చింది. నిజంగా అవసరమొచ్చినవాడు రెండు ముక్కలు ఎక్కువ రాస్తాడు. కొంప మునిగేది అక్కడే.

‘హైపర్ కార్డియాయిడ్ మైకులు, రెండు. ఇవి ముందున్నది బాగా వింటాయి. పక్కలది వినవు. వచ్చే శనివారం కచేరీ రికార్డింగుకు’ అని రాశాడు.

ఆ కచేరీ కొల్లి పెద సింహాచలం గారిది. ఎనభై రెండేళ్ళ సన్నాయి విద్వాంసుడు. అరవై ఏళ్ళుగా ఆ జిల్లాలో ఆయన మేళం లేని పెళ్ళి పెళ్ళిలా అనిపించలేదు. సావేరి రాగం ఆయన ఊదినట్టు ఊదేవాళ్ళు ఇంకెవరూ లేరని తెలిసినవాళ్ళందరూ అంటారు. తెలియనివాళ్ళు ఇంకా గట్టిగా అంటారు. కాని ఆయన ఒక్క రికార్డింగుకూ ఒప్పుకోలేదు. “డబ్బాలో పెట్టిందేదైనా పులిసిపోతాది” అనేవాడు. ఇప్పుడు ఒప్పుకున్నాడంటే దానికి కారణం పైడిరాజు మీద అభిమానం కొంత, పళ్ళు కొంత. పైవరసలో ముందు పళ్ళు నాలుగే మిగిలాయి. నాలుగూ కదులుతున్నాయి. సోమవారం పీకేస్తానని డాక్టరు చెప్పాడు. పళ్ళు లేకపోతే సన్నాయి పీక మీద పెదవి నిలవదు. అంటే శనివారం దాటితే ఆ సావేరి ఈ భూమ్మీద ఉండదు. డబ్బాలో ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేదు.

పైడిరాజు తండ్రి పెళ్ళిళ్ళకు మైకుసెట్టు కట్టేవాడు. చిన్నప్పుడు పైడిరాజు ఎన్నో పందిళ్ళలో ఆ సావేరి వింటూ వైర్ల చుట్ట మీదే నిద్రపోయాడు. ఉద్యోగంలో చేరాక సంస్థ వారి కోసం నూట ఎనభై శంకుస్థాపనలు, అరవై సన్మానాలు రికార్డు చేశాడు. ఇదొక్కటి సరిగ్గా చేస్తే తన బతుక్కి చాలనుకున్నాడు. అది మిగిలేదీ ఐదేళ్ళే. ఎందుకంటే సంస్థ నిబంధనల ప్రకారం సంగీతం రికార్డులకు ఐదేళ్ళే ఆయుష్షు, ఆ తరవాత చెరిపేస్తారు. ప్రముఖులకు సంబంధించిన రికార్డులు మాత్రం శాశ్వతం. ఐదేళ్ళలో ఏదో ఒక దారి దొరక్కపోతుందా అని ధైర్యం చెప్పుకున్నాడు.

కాగితం వెళ్ళిన మర్నాడే డైరెక్టరు విశ్వపతి గారు పిలిపించారు.

“ఏమయ్యా, పక్కలది వినవు అని రాశావు. వినలేని మైకు కొనమని సంస్థను కోరుతున్నావా?”

“సార్, మన హాలుకి ఎడం పక్క జనరేటరు, కుడి పక్క వంటశాల. మామూలు మైకు పెడితే ఆ రొదంతా పడిపోతాది. దీనికి ముందు పెద్ద చెవి. పక్కలు చెవుడు. వెనకాల చిన్న చెవి” అంటూ పైడిరాజు కాగితం మీద బొమ్మ గీశాడు. ముందువైపు గుమ్మడికాయంత, వెనకవైపు నిమ్మకాయంత.

విశ్వపతి గారు ఆ బొమ్మను అటు తిప్పి ఇటు తిప్పి చూశారు. “ఇది సాంకేతిక విషయంగా కనపడటంలేదు. విధానపరమైన విషయంగా కనపడుతోంది. విధానం అన్నాక ఉపసంఘం ఉండాలి” అన్నారు.

ఉపసంఘం ఆ మధ్యాహ్నమే కూర్చుంది. మామూలుగా ఉపసంఘం వేయడానికి మూడు నెలలు పడుతుంది. ఈసారి తెప్పించిన గారెలు చల్లారిపోతాయని తొందరపడ్డారు. విశ్వపతి గారు అధ్యక్షత వహించారు. ప్రోటోకాల్ అధికారిణి ఇందుమతి గారు నిబంధనల పుస్తకంతో వచ్చారు. పైడిరాజును ‘అవసరమైతే మాట్లాడుటకు’ గోడవార నిలబెట్టారు.

“సదరు మైకు పక్కవారిని వినదు. పక్కన ఎవరుంటారు?” అని విశ్వపతి గారు మొదలుపెట్టారు.

“డోలు ఆయన, శ్రుతి ఆయన సార్.”

“అంటే ప్రభుత్వ సొమ్ముతో కొన్న మైకు ఇద్దరు కళాకారుల పట్ల ఉద్దేశపూర్వకంగా చెవుడు ప్రదర్శిస్తుంది. రేపు వారి సంఘం ధర్నా చేస్తే నేనేమని సమాధానం చెప్పాలి?”

“డోలుకి వేరే మైకు పెడతాం సార్.”

“అప్పుడు ఆ మైకు సన్నాయికి చెవుడవుతుంది. అది ఇంకో వివక్ష.”

ఈ పీటముడి విప్పడానికి ముప్పావు గంట పట్టింది. చివరికి వేదిక మీద పక్కలు అనేవి ఉండరాదని తీర్మానించారు. సన్నాయి, డోలు, శ్రుతి ఒకరి వెనక ఒకరు వరసగా, రేషను షాపు ముందు నిలబడ్డట్టు కూర్చోవాలి. విశ్వపతి గారు తృప్తిగా గారె తుంచారు. పైడిరాజు ఊపిరి పీల్చుకున్నాడు. వరసగా కూర్చుంటే కూర్చున్నారు, సావేరి పడితే అంతే చాలు.

అప్పుడు ఇందుమతి గారు కళ్ళజోడు సవరించుకున్నారు.

“పైడిరాజు గారూ, ఈ మైకు ముఖం ఎటుంటుంది?”

“విద్వాంసుడి వైపు మేడమ్.”

“అయితే ముందు వరస సోఫాల వైపు ఏముంటుంది?”

“వీపు మేడమ్” అన్నాడు పైడిరాజు.

ముందు వరస నడిమి సోఫాలో కూర్చునేది సంస్థ గౌరవ అధ్యక్షులవారు. కచేరీలంటే ఆయనకు మహా ఇష్టం. రెండు గంటలపాటు పక్కవాళ్ళు లేచిపోరు గనుక తీరిగ్గా మాట్లాడుకోవచ్చు.

ఇందుమతి గారు పుస్తకం తెరిచారు. “పద్నాలుగో నిబంధన. ప్రముఖులు ఆసీనులైన సభయందు ఏ వ్యక్తిగాని, విగ్రహముగాని, పరికరముగాని వారికి వీపు చూపరాదు. పోయినేడాది వాచ్‌మన్ గోడగడియారానికి మేకు కొడుతూ ఇటు తిరగనందుకు మెమో ఇచ్చాం. గడియారానికి కూడా ఇద్దామనుకున్నాం.”

“మేడమ్, పోనీ సోఫాలు పక్కకి జరుపుదాం” అన్నాడు పైడిరాజు.

“పక్కలది వినదని తమరే రాశారు. గౌరవ అధ్యక్షులవారి మాట వినని మైకు ఈ సంస్థలో పెడతామా?”

ఇక మిగిలింది ఒక్కటే దారి. ఉపసంఘం ఆ దారినే పట్టింది. మైకుల ముఖం సోఫాల వైపు, వీపు విద్వాంసుడి వైపు ఉండాలి. ‘విద్వాంసులు ప్రముఖుల నిర్వచనంలోకి రారు గనుక వారికి వీపు చూపుటలో అభ్యంతరము లేదు’ అని మినిట్సులో రాశారు.

“ఎలాగూ తిప్పిపెట్టేటప్పుడు ఏ మైకైతేనేం? స్టోర్సులో మామూలు కార్డియాయిడ్ మైకులు పడున్నాయి, అవే వాడదాం” అన్నారు విశ్వపతి గారు.

మామూలు కార్డియాయిడ్‌కు వెనక చెవే ఉండదు. దాన్ని తిప్పిపెడితే సింహాచలం గారు ఊపిరంతా పెట్టి ఊదినా అందులో గాలి కూడా పడదు. హైపర్‌కైతే నిమ్మకాయంత చెవి ఉంది. ఆ నిమ్మకాయంత చెవి కోసం పైడిరాజు పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఆఫీసు భాష మాట్లాడాడు.

“సార్, మామూలు మైకు ముందు చెవి మరీ వెడల్పు. గౌరవ అధ్యక్షులవారితో పాటు పక్క సోఫాల్లో ఉండే ఇతర శాఖల అధికారుల మాటలు కూడా సమానంగా నమోదు చేసేస్తుంది. హైపర్ అయితే ఎదురుగా ఉన్న వారొక్కరినే వింటుంది. మిగతా శాఖలకి చెవుడు సార్.”

విశ్వపతి గారి ముఖం మతాబులా వెలిగింది. “ఇతర శాఖలకు చెవుడు! ఇది ముందే ఎందుకు చెప్పలేదయ్యా?” అన్నారు. పావుగంటలో కొనుగోలు మంజూరైంది.

బతికానురా దేవుడా అనుకుంటూ పైడిరాజు బయటికొచ్చి లెక్కలు వేసుకున్నాడు. మైకుకూ సన్నాయికీ మూడడుగులు, సోఫాలకు ఇరవై అడుగులు. దగ్గరుంటే చిన్న చెవైనా వింటుంది. కాని శుక్రవారం ఉదయం ఇందుమతి గారు టేపు పట్టుకుని హాలుకు వచ్చారు. ప్రముఖులకూ వారికి ఉద్దేశించిన మైకుకూ మధ్య ఆరడుగులు మించరాదని ఇంకో నిబంధన దొరికిందట. సోఫాలను వేదిక అంచుకు జరిపించి, మైకులను అంచు మీదికి తెప్పించారు. ఇప్పుడు సోఫాకూ ఆరడుగులే, సన్నాయికీ ఆరడుగులే. పెద్ద చెవి ఎదుట ఎడతెగని మాట, చిన్న చెవి వెనక సావేరి. గెలిచేదెవరో చెప్పడానికి ఇంజనీరు అక్కర్లేదు.

సాయంత్రం పైడిరాజు సింహాచలం గారింటికి వెళ్ళి అరుగు మీద తలొంచుకుని కూర్చున్నాడు. ముసలాయన సన్నాయి పీకలను ఒక్కొక్కటే తడి గుడ్డతో తుడుస్తున్నాడు. జరిగిందంతా విన్నాడు.

“నన్ను మన్నించు తాతా. నీ పరువు నానే తీసీసినాను. రేపు రాకు. ఒంట్లో బాగోలేదని కబురెట్టీసెయ్” అన్నాడు పైడిరాజు. చెబుతుంటే ఏడుపొచ్చింది, ఆపుకోలేదు.

“ఒరే పైడీ, దీనికి ఏడుస్తారేట్రా? అరవయ్యేల్లు పెల్లిల్లలో ఊదినాను. ఎవుడు ఇన్నాడు? ఒకడు కట్నం గురించి మాటాడతాడు, ఒకతి సీర గురించి మాటాడతాది. నానెప్పుడూ ఈపులకే ఊదినాను. మైకు కూడా ఈపు సూపితే నాకు కొత్తేటి?” అని ముసలాయన పీకను వెలుగుకు ఎత్తి చూశాడు. “అవునుగాని, ఆ ఎనక సెవి బొత్తిగా ఇనదా?”

“ముందు చప్పుడు లేకపోతే బాగానే ఇంటాది తాతా.”

“రేపు బోజనాలు ఎక్కడెట్టినారు?”

ఈ ప్రశ్న ఎందుకో పైడిరాజుకు అర్థం కాలేదు. “సోఫాల పక్క తలుపు తీస్తే వంటశాలే. ముందు రెండు వరసలోల్లకి పాసులిచ్చినారు” అన్నాడు.

సింహాచలం గారు కదిలే పళ్ళను నాలుకతో ఒక్కొక్కటే తడిమి చూసుకున్నాడు. “నాలుగున్నాయి. రెండు దానికి పోయినా రెండు మిగుల్తాయి. సావేరికి రెండు సాలు. ఎల్లి పడుకో” అన్నాడు.

శనివారం సాయంత్రం ఆరు గంటలకు కచేరీ మొదలైంది. వేదిక మీద ముందు సన్నాయి, వెనక డోలు, దాని వెనక శ్రుతి, తీర్మానం ప్రకారం వరసగా కూర్చున్నారు. మైకులు రెండూ ముసలాయనకు వీపు చూపి గౌరవ అధ్యక్షులవారి వైపు వినయంగా వంగి ఉన్నాయి. వెనక బెంచీల్లో ఊళ్ళోవాళ్ళు నిండుగా కూర్చున్నారు. వాళ్ళు సన్నాయి వినడానికి వచ్చినవాళ్ళు గనుక వాళ్ళకు పాసులివ్వలేదు. పైడిరాజు వేదిక పక్కన హెడ్‌ఫోను పెట్టుకుని కూర్చున్నాడు.

సన్నాయి సన్నగా గొంతెత్తింది. హెడ్‌ఫోనులో మాత్రం గౌరవ అధ్యక్షులవారే స్పష్టంగా, చెవిలో నోరుపెట్టినట్టు వినిపించారు.

“ఈ మధ్య మోకాలు మెట్లెక్కనివ్వడం లేదయ్యా. ఆవనూనె రాయమన్నారు. ఆవనూనెలో కాస్త వెల్లుల్లి కాచి...”

పన్నెండు నిమిషాలు గడిచాయి. మోకాలి నుంచి నడుముకు, నడుము నుంచి ఒక పాత శత్రువు బదిలీకి వచ్చారు. వెనక ఎక్కడో బావిలోంచి వచ్చినట్టు సావేరి ఛాయలు తేలుతూ మునుగుతున్నాయి. పైడిరాజు కళ్ళు మూసుకున్నాడు. అయిపోయింది, ఇంతే, అనుకున్నాడు.

అప్పుడు గౌరవ అధ్యక్షులవారు పెద్దగా తుమ్మారు.

సింహాచలం గారు ఆ తుమ్ము కోసమే కాచుకున్నట్టున్నాడు. పెళ్ళిలో ముహూర్తం వేళ తుమ్ము వినపడకూడదు, చెడుమాట వినపడకూడదు. అందుకే గట్టిమేళం. ముసలాయన ఎడమ చెయ్యి పైకెత్తి వేలు తిప్పాడు. వెనకున్న డోలు ఆయన ఆ సైగకు యాభై ఏళ్ళుగా అలవాటుపడ్డవాడు. కచేరీయా, పెళ్ళా అని ఆలోచించలేదు. రెండు చేతులా విరుచుకుపడ్డాడు. సన్నాయి ఆకాశాన్ని చీల్చింది. హాలు దద్దరిల్లింది. పైడిరాజు హెడ్‌ఫోను లాగేశాడు.

తెలుగు గడ్డ మీద పుట్టినవాడు పుట్టిన దగ్గర్నుంచీ గట్టిమేళానికి చేసే పని ఒకటుంది. గౌరవ అధ్యక్షులవారు మాట మధ్యలో ఆపి లేచి నిలబడ్డారు. మోకాలు సంగతే గుర్తులేదు. కుడి చెయ్యి అక్షింతల కోసం జేబులో వెతికింది. పక్కన విశ్వపతి గారు లేచారు. ఇతర శాఖలన్నీ లేచాయి. ఇందుమతి గారు చెప్పులు విడిచి, తల మీద కొంగు సర్దుకుని, ఎవరి తల మీద వేయాలో తెలియక వట్టి చేతిని వేదిక వైపు విసిరారు. ముందు రెండు వరసలూ భక్తిగా ఏమీ లేని చేతులు విసిరాయి.

అక్షింతలు వేశాక మనిషి చేసే రెండో పని కూడా ఒకటుంది. పక్క తలుపులోంచి పులిహోర పోపు వాసన వచ్చింది.

“పదండి, మొదటి పంక్తిలో కూర్చుంటే మంచిది. తరవాత అప్పడాలు ఉండవు” అన్నారు గౌరవ అధ్యక్షులవారు.

ముందు రెండు వరసలూ పద్ధతిగా, పదవుల వరసలో, తలుపులోంచి వెళ్ళిపోయాయి. చివర వెళ్ళిన విశ్వపతి గారు చప్పుడు లోపలికి రాకుండా తలుపు కూడా వేశారు. వెనక బెంచీలవాళ్ళు కూడా లేవబోయారు గాని, పాసులు లేవని గుర్తొచ్చి కూర్చున్నారు.

మేళం ఆగింది. సింహాచలం గారు నోట్లోంచి ఏదో తీసి ఉత్తరీయం కొంగున ముడి వేసుకున్నాడు. ఒకటి కాదు, రెండు. పెదవి మీద నెత్తురు తుడుచుకుని పైడిరాజు వైపు చూసి కన్ను గీటాడు. మళ్ళీ పీక నోట పెట్టుకున్నాడు.

పైడిరాజు హెడ్‌ఫోను పెట్టుకున్నాడు. పెద్ద చెవుల ముందు ఖాళీ సోఫాలు. జనరేటరు లేదు, వంటశాల లేదు, పక్కలన్నీ చెవుడు. వెనక చిన్న చెవిలోంచి సావేరి వచ్చింది. కాస్త దూరంగా, పందిట్లో వైర్ల చుట్ట మీద పడుకుని విన్నంత దూరంగా వచ్చింది. గంటా ఇరవై నిమిషాలు వచ్చింది. వెనక బెంచీల్లో ఒక్కరూ దగ్గలేదు. రెండు పళ్ళ మీద నిలబెట్టిన రాగం అది. పైడిరాజు ఏడ్చాడు, ఈసారి అవమానంతో కాదు.

బుధవారం ఉపసంఘం రికార్డింగును సమీక్షించింది. మొదటి పన్నెండు నిమిషాలకు అందరూ తలలూపారు. ఆవనూనె దగ్గర విశ్వపతి గారు “ఎంత స్పష్టత!” అన్నారు. గట్టిమేళం దగ్గర అందరూ సగం లేచి కూర్చున్నారు. ఆ తరవాత గౌరవ అధ్యక్షులవారు మళ్ళీ ఎప్పుడు మాట్లాడతారా అని గంటా ఇరవై నిమిషాలు కాచుకున్నారు.

“మిగతా భాగంలో వారి స్వరం నమోదు కాలేదు. వెనకాల ఏదో సన్నాయి ఉంది. ఈ భాగం తొలగించండి” అన్నారు విశ్వపతి గారు.

పైడిరాజు గోడకు ఆనుకున్నాడు.

“వీల్లేదండీ” అన్నారు ఇందుమతి గారు, పుస్తకం తెరుస్తూ. “మైకుల ముఖం వారి సోఫా వైపుంది. కనుక ఇది సంగీతం రికార్డు కాదు, ప్రముఖుల రికార్డు. ప్రముఖుల రికార్డులో ఒక్క క్షణం తొలగించడానికి ఎవరికీ అధికారం లేదు. వారి మాట ఎంతో, వారి మౌనమూ అంతే. శాశ్వత భద్రత విభాగంలో పెట్టాలి.”

విశ్వపతి గారు సంతకం చేశారు.

ఆ ఆదివారం పైడిరాజు ఒక నకలు తీసుకుని వెళ్ళి ముసలాయన చెవులకు హెడ్‌ఫోను పెట్టాడు. పళ్ళన్నీ పోయి బుగ్గలు లోపలికి పోయాయి. ఆయన కదలకుండా చివరిదాకా విన్నాడు. చెంపల మీంచి కారిన నీళ్ళు తుడుచుకోలేదు.

“సోఫాలోల్లు బోజనాలకి లేసిపోయినాక కూడా కూకుని ఇన్నది ఎనక బెంచీలూ, ఆ చిన్న సెవీనేరా” అన్నాడు. మాట బోసినోట్లో మెత్తగా నానింది. “దీని మీద ఏటని రాసినారు?”

పైడిరాజు అట్ట తిప్పి చదివాడు. “అంశం: ముందు వరస సోఫాలు. వ్యవధి: తొంభై రెండు నిమిషాలు. భద్రత: శాశ్వతం.”

“నా పేరు లేదేటి?”

“నీ పేరు రాస్తే సంగీతం కింద కడతారు తాతా. అయిదేల్లకి చెరిపీస్తారు.”

సింహాచలం గారు చిగుళ్ళన్నీ కనపడేలా నవ్వాడు.

“అయితే రాయకు” అన్నాడు.